పుస్తకంలోని ముసలాయనకు ఒక విస్తరి

నేను రాజమండ్రిలో ఎమ్మే ఇంగ్లీషు చదివే రోజుల్లో మాకొక నవల పాఠంగా ఉండేది. తెల్లదొరల చెరుకు తోటల్లో కూలికని ఓడెక్కి, ఎక్కడో దీవిలో ఉండిపోయిన మనవాడి కథ. రాసింది కూడా అలా వెళ్ళినవాళ్ళ మనవడే. "వేళ్ళు తెగిన చెట్టులాంటి మనిషి కథండి ఇది. పరీక్షలో ఈ ముక్క రాస్తే చాలు" అనేవారు మా లెక్చరర్ గారు. ఆయనకు లోకంలో ఏదైనా పరీక్ష కోసమే పుట్టేది.

కొవ్వూరులో మా ఇంట్లో ఆ నవలకు అసలైన శ్రోత మా మామ్మ, నాన్నకు తల్లి. రేవులో చేపలమ్మి సంసారం ఈదిన మనిషి. ఆమె అన్నయ్య కుర్రతనంలోనే అలాంటి తోటలకు ఓడెక్కాడు. మళ్ళీ కబురు లేదు. ఏటా మహాలయ అమావాస్యకు పోయినవాళ్ళందరికీ పేరుపేరునా విస్తరి వేసే మామ్మ, అన్నయ్యకు మాత్రం వేసేది కాదు. వేస్తే ఆయన పోయాడని ఒప్పుకున్నట్టే కదా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని నవల తెలుగులో చెప్పేవాణ్ణి.

"ఏరా, మా అన్నయ్య అగుపడ్డాడా?" అనేది రోజూ.

"ఇది కట్టుకథే మామ్మా!"

"కట్టుకథైతే నీ గొంతెందుకు పూడుకుపోతందిరా?"

ఆఖరికి నవలలో ఆ ఓడెక్కినవాడు ముసలివాడై, ఆ దీవిలోనే కన్నుమూశాడు. మనవలకు ఆయన భాష రాదు, పెద్దలకు పెట్టుకోవడమనేది ఒకటుందనే తెలియదు.

"ఆయనకి తినడానికేవిష్టమంట?" అనడిగింది మామ్మ.

"అది రాయలేదు మామ్మా."

"అంత పుస్తకం రాసి అదొక్కటీ రాయలేదా!" అని రచయిత మీద విసుక్కుంది. ఇన్నేళ్ళు సాహిత్యం చదివాను గానీ, అంత న్యాయమైన విమర్శ ఇంకెక్కడా వినలేదు.

ఆ అమావాస్యకు చేపల పులుసులో ఎప్పుడూ వేసే బెల్లం ముక్క అమ్మ వెయ్యబోతే మామ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "జన్మంతా చెరుకు నరికినోడికి తీపేం పెడతామే" అంది. పెద్దల వరసలో కొత్తగా ఒక విస్తరి వేసింది. అమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇన్నాళ్ళకి మీ అన్నయ్యగారి మీద ఆశ వదులుకున్నారా అత్తయ్యగారూ?"

"నోర్ముయ్యవే. మా అన్నయ్యకి కాదిది, పుస్తకంలో ముసలాయనకి." విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పుతూ నెమ్మదిగా అంది: "ఈయనకి నేను పెడితే, రేపెప్పుడైనా అక్కడ మా అన్నయ్యకి ఏ తల్లో పెట్టకపోద్దా?"

నాకు ఏడుపు ఆగలేదు. పరీక్షలో వేళ్ళ సంగతి రాశాను, మార్కులూ వచ్చాయి. ఈ సంగతి ఎలా రాయాలో మాత్రం తెలియలేదు.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. అమావాస్యకు ఆమెకూ, పుస్తకంలోని ముసలాయనకూ నేనే విస్తళ్ళు వేస్తున్నాను. ఓడెక్కిన తాతకు ఇప్పటికి నూరేళ్ళు ఎప్పుడో దాటి ఉంటాయి. అయినా ఆయనకు విస్తరి వెయ్యడానికి నాకు చేతులు రావడం లేదు.