కనిగిరి అక్క కొన్న చీరలు

గుంటూరు బ్రాడీపేటలో ఒక చీరల కొట్టు మేడమీద గదిలో కొన్నేళ్ళుగా నా ఉద్యోగం చీరలు చూపించడం. ఎదురుగా మనుషులుండరు. స్టాండుకు బిగించిన ఫోను, దాని చుట్టూ గుండ్రటి లైటు ఉంటాయి. భుజం మీద ఒకదాని తర్వాత ఒకటి చీరలు వేసుకుంటూ నవ్వుతూ మాట్లాడుతుండాలి. "ఇప్పుడంతా ఇదే ట్రెండు అక్కా, కట్టుకుంటే ఎంత హ్యాపీగా ఉంటుందో!" అంటుంటాను. పోయిన నెల టిష్యూ చీరల గురించి అన్న మాటే ఈ నెల ఆర్గంజా గురించి అంటాను. మధ్యాహ్నానికి దవడలు నొప్పి పుడతాయి. ఇంటికి వెళ్ళాక మా ఆయన ఏదైనా అడిగితే తలూపడం తప్ప మాట రాదు.

మా పుట్టిల్లు వినుకొండ దగ్గర పల్లె. పత్తి తీసి తీసి చేతులు గీరుకుపోయిన మా అమ్మకు, నేను అమ్మే చీరల్లో నూలుపోగు ఉండదని చెబితే నమ్మలేదు.

లైవ్ మొదలవగానే ఫోను తెర కింద కామెంట్లు కదులుతాయి. కనిగిరి నుంచి ఒకావిడ రోజూ ఉండేది. అందరికంటే ముందు "గుడ్ మార్నింగ్ చెల్లీ" అని పెట్టేది. "కనిగిరి అక్కా, బాగున్నారా?" అని నేనూ పలకరించేదాన్ని. నచ్చిన చీర చెప్పేది, కొట్లోవాళ్ళు పార్సిల్ పంపేవారు. ఆమెకు పార్సిల్ వెళ్ళని వారం తక్కువ.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం ఆమె కొట్టుకే వచ్చింది. వాళ్ళ పాప గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోందట. చూసి వెళ్తూ, నన్నూ చూద్దామని మెట్లెక్కింది. అప్పుడే లైవ్ ముగిసింది. పిన్నులు తీసేసి, పాత చుడీదారులో నేలమీద కూచుని చీరలు మడతపెడుతున్నాను.

"చీరలు చూపించే అమ్మాయి లేదా?" అని నన్నే అడిగింది. కనిగిరి నుంచి వచ్చానని కూడా చెప్పింది.

"నేనే అక్కా."

నమ్మలేనట్టు చూసింది. "అయ్యో, నువ్వా! ఫోన్లో ఎంత కళగా ఉంటావు! ఏంది చెల్లీ, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉన్నానక్కా. లైటు ఆపేశాం, అంతే."

చేతిసంచిలోంచి మేం పంపిన పార్సిళ్ళే రెండు తీసింది. కవర్లు కూడా చించలేదు. మార్చుకోవడానికి తెచ్చారా అని అడిగాను.

"అందుక్కాదులే. నువ్వు కట్టుకున్నట్టు నాకూ కడతావేమోనని తెచ్చా. ఇట్టాంటివి బీరువా నిండా ఉన్నాయి. కొన్ని విప్పనేలేదు."

"మరెందుకు కొంటున్నారక్కా?" అనేశాను. అమ్మేవాళ్ళు అడగకూడని మాట అది.

ఆమెకు కోపం రాలేదు. "మా ఆయన పొద్దున్నే ఎరువుల కొట్టుకు పోతాడు. పాప ఈడ. ఇంట్లో మాట వినపడదు. నువ్వు కనిగిరి అక్కా అంటావు చూడు, అప్పుడు బాగుంటది. ఇది తీసుకుందామా, అది తీసుకుందామా అని చూసుకుంటా ఉంటే పొద్దు తెలీదు. పార్సిల్ వచ్చిందాకా ఎదురుచూపు. వచ్చినాక ఇంకేముంది, గుడ్డే కదా."

ఒక కవరు చించి, అద్దం ముందు ఆమెకు చీర కట్టాను. కుచ్చిళ్ళు పెడుతుంటే చిన్నపిల్లలా చేతులెత్తి నిలబడింది. అద్దంలో చూసుకుని, "నువ్వు కట్టుకున్నప్పుడు ఇట్టా లేదే" అంది. వెనక క్లిప్పులు ఎలా బిగిస్తామో, ఫోన్లో రంగు ఎలా పెంచుతామో చూపించాను. "ఓహో" అని ఊరుకుంది.

అంతలో ఓనరు పైకి వచ్చారు. ఆమె ఎవరో తెలిసి, "అంత దూరం నుంచి వచ్చారమ్మా, మా చీరల గురించి లైవ్‌లో రెండు ముక్కలు చెప్పండి" అంటూ ఫోను ఆన్ చేశారు. నేను వద్దనేలోపే లైటు వెలిగింది. ఆమె ముఖం మారిపోయింది. నిటారుగా నిలబడి, నాకంటే బాగా నవ్వింది.

"ఈ చీరలు కడితే మనసుకు ఎంతో సంతోషంగా ఉంటదండీ. మీరూ తీసుకోండి."

కామెంట్లు గబగబా వచ్చిపడ్డాయి. 'మీరు చాలా లక్కీ అక్కా' అని ఎవరో రాశారు. ఫోను వెనక నిలబడి చూస్తుంటే, నా నవ్వు అవతలివాళ్ళకు ఎలా కనపడుతుందో మొదటిసారి అర్థమైంది.

ఓనరు కిందికి వెళ్ళాక ఆమె స్టూలు మీద కూలబడింది. "అబ్బ, రోజంతా ఎట్టా చేస్తావే!"

'చెల్లీ' నుంచి 'చేస్తావే' దాకా వచ్చినందుకు నాకు సంతోషమేసింది. బాక్సులో మిగిలిన గోంగూర అన్నం ఇద్దరం తిన్నాం. వాళ్ళ పాప ఫోన్లో ఏడుస్తుందని ఆమె చెప్పింది. నిలబడీ నిలబడీ నా కాళ్ళు వాచిపోతున్నాయని నేను చెప్పాను. అయినా వెళ్ళేముందు కొత్తగా వచ్చిన రంగు ఒకటి తీసుకుంది. వద్దని చెప్పాలనిపించింది. చెప్పలేదు. నా జీతం అందులోంచి రావాల్సిందే.

తర్వాత చాన్నాళ్ళు లైవ్‌లో ఆమె కనిపించలేదు. ఆ రోజు తీసుకున్న నా నంబరుకు ఒక మధ్యాహ్నం ఫోను చేసింది.

"చీర కోసం కాదు, ఊరికే చేశా. తిన్నావా?"

"ఇంకా లేదక్కా. ఏంటి, కనపడటం లేదు?"

"ఇప్పుడు మా ఆయన కొట్లో కూచుంటన్నా. రైతులొస్తారు, మిరపకు పురుగు పట్టిందని గొడవ చేస్తారు. మందుల వాసనకి తలనొప్పి. అయినా బాగుందే. చీరలు మానలేదులే, తగ్గించా."

ఇంకా వినాలనిపించింది. ఓనరు పిలుస్తున్నారు, కొత్త సరుకు దిగింది. ఉంటానక్కా అని పెట్టేశాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆటోలో నిద్రపోయాను. మా సందు దాటిపోయాక ఆటో అతను లేపాడు. దిగి, వెనక్కి నడిచాను.