నారిపుండుకు ఎగతాళి మందు

1959 ఎండాకాలం. కదిరి నుంచి గోరంట్ల వైపు పోయే దారిలో ఒక ఊళ్ళో, రెండు గదుల డిస్పెన్సరీలో నర్సుగా పనిచేస్తున్నాను. డాక్టరుగారు వారానికొకసారి కదిరి నుంచి బస్సులో వచ్చేవారు. మిగతా రోజులన్నీ నేనూ, కాంపౌండర్ శేషయ్యా. కాంపౌండరంటే డాక్టరు రాసిన మందులు కలిపి సీసాలో పోసి ఇచ్చేవాడు. మా శేషయ్య మందు కంటే ముందు ఎగతాళి పోసేవాడు.

దగ్గుతూ వచ్చినవాణ్ణి "బీడీలు చాలినాయా, ఇంగో కట్ట తెప్పించేదా?" అనేవాడు. కడుపునొప్పి అన్నవాణ్ణి "నిన్న పెండ్లిలో అన్నం నువ్వొక్కనివే తింటివా, ఇంగెవరికన్నా మిగిల్చినావా?" అనేవాడు. వరసలో కూర్చున్నవాళ్ళు పడీపడీ నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది, ఎందుకు దాచాలి? ఈ జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని. వెటకారం లేని పలకరింపు నాకు ఉప్పులేని సంగటి తిన్నట్టుంటుంది. వాన ఎప్పుడొస్తుందప్పా అని అడిగితే "నువ్వు గొడుగు కొన్నంక వస్తాదిలే" అనే ఊళ్ళు మావి. ఆ మాటలు కూడా లేకపోతే ఆ కరువుల్లో మనుషులు ఏం చూసుకొని బతికేవాళ్ళో నాకు తెలియదు. అందుకని వెటకారమే తప్పని నేను ఏనాడూ అనను.

అంతకు ముందు ఏడే బావులన్నీ ఎండిపోయి ఊరంతా ఒకే దిగుడుబావి మీద పడింది. మెట్లు దిగి, నీళ్ళలో కాళ్ళు పెట్టి, కడవ ముంచుకునే బావి అది. దాంతో ఆ ఎండాకాలానికి ఇంటింటా నారిపుండు. ఇప్పటివాళ్ళు చూసి ఉండరు కాబట్టి చెబుతాను. పుండున్న కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లలు అందులో పడతాయి. తాగే నీళ్ళతో కంటికి కనబడని ఆ పురుగు కడుపులోకి పోతుంది. ఏడాది తిరిగేసరికి కాలి దగ్గర బొబ్బ కట్టి, తెల్లటి దారంలా బయటికి తల పెడుతుంది. దాన్ని లాగకూడదు. చిన్న పుల్లకు చుట్టి, పైన తడిగుడ్డతో డ్రెస్సింగ్, అంటే కట్టు కట్టి, అది ఎంత వస్తే అంత మేరకే రోజూ కొంచెం తిప్పాలి. తెగిందంటే లోపల మిగిలిన ముక్క కుళ్ళి కాలంతా చీము పడుతుంది. రోగికి చాలా ఓపిక కావాలి, మాకు అంతకంటే ఎక్కువ కావాలి.

ముత్యాలప్ప గొర్రెల కాపరి. అతనికి చీలమండ దగ్గర పురుగు తల పెట్టింది. ఊరి చుట్టూ గడ్డి మాడిపోయింది, తక్కిన కాపరులు మందలు తోలుకొని మేత ఉన్న చోటికి బయలుదేరబోతున్నారు. వాళ్ళతో పోలేకపోతే ఇతని గొర్రెలు ఆకలికి చావాల్సిందే. ఆ ఇంటికి ఉన్న ఆధారమంతా అతని కాళ్ళు. రోజూ కుంటుకుంటూ వచ్చి అదే ప్రశ్న వేసేవాడు.

"ఇంగా ఎన్నాళ్ళు నర్సమ్మా?"

"అది వచ్చేదాకా. నువ్వు తొందరపడితే తెగుతాది."

"మందలు పోతాండాయి తల్లీ."

ఒకరోజు నేను లోపలి గదిలో కాన్పు చూస్తుంటే, అతను అదే ప్రశ్న శేషయ్యను అడిగాడట. శేషయ్య ఏమన్నాడో వరసలో ఉన్నవాళ్ళు నాకు తర్వాత చెప్పారు.

"ఏమప్పా, అంత అవసరమైతే పట్టుకొని ఒక్క గుంజు గుంజు. పురుగూ పోతాది, నీ పోరూ పోతాది."

అందరూ నవ్వారట. ముత్యాలప్ప నవ్వలేదట.

రెండు రోజులకు అతని భార్య సుంకమ్మ ఎద్దులబండిలో పడుకోబెట్టి తీసుకొచ్చింది. కాలు మోకాలి దాకా వాచి, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కట్టు విప్పి చూస్తే తెగిన దారపు ముక్క కూడా పైకి కనిపించలేదు.

"ఎవరు లాగమన్నారయ్యా నిన్ను?" అని అరిచాను.

"ఆయప్పే కదమ్మా" అని మందుల గది వైపు చూపించాడు. "నువ్వు నిదానం అంటివి. ఆయప్ప గుంజమనె. మందులిచ్చే పెద్దాయన కదా, ఆయప్ప మాటే వింటి."

శేషయ్య తెల్లబోయాడు. "ఎగతాళికి అంటే నిజంగా గుంజుకుంటాడా? ఆ మాత్రం తెలీదా మనిషికి?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "టీ హోటలు కాడ అనుంటే తెలిసేది శేషయ్యా. ఆడ నువ్వు ఒకటంటే ఆ మనిషి రెండంటాడు. ఈడ చేతిలో మందుసీసా పట్టుకొని నువ్వేమన్నా తలకాయ ఊపి పోవడమే. నీ మాటల్లో ఏది మందో, ఏది ఎగతాళో వేరుచేసి చూసుకునేదానికా వాళ్ళొచ్చేది?"

శేషయ్య వేడినీళ్ళు తేవడానికి లోపలికి పోయాడు.

డాక్టరుగారు వచ్చి యాబ్సెస్, అంటే లోపలి చీముగడ్డ, కోసి శుభ్రం చేశారు. పెన్సిలిన్ సూదులు వేశాం. ప్రాణం దక్కింది, కాలూ దక్కింది, కానీ చీలమండ బిగుసుకుపోయింది. ఇక మంద వెంట నడిచే కాలు కాదది. పాలుతాగే బిడ్డను వీపుకు కట్టుకొని సుంకమ్మే గొర్రెలు తోలుకుపోయింది.

వానలు పడ్డాక తిరిగొచ్చి, మొగుడికి నొప్పిమందు కోసం డిస్పెన్సరీకి వచ్చింది. మనిషి ఎండకు నల్లబడి, సగమైంది. మందిచ్చి, అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాను. "తాగే నీళ్ళు మడతల గుడ్డలో వడగట్టుకోండి. బిడ్డకు నారిపుండు రాకుండా ఉంటాది."

ఆమె కదలలేదు. నా మొహంలోకి చూసి మెల్లగా అడిగింది.

"ఇది నిజంగా చెప్తాండావా నర్సమ్మా, ఎగతాళికా?"

ఎండాకాలమంతా ఊరివాళ్ళకు ఆ మాటే చెప్పాను. పురుగు కాల్లో ఉంటే గుడ్డ నీళ్ళకు కట్టమంటుందేమిటని నవ్వి వెళ్ళినవాళ్ళు గుర్తొచ్చారు. ఆ గదిలో నిజం చెప్పినా నవ్వులాటగానే వినబడే స్థితికి తెచ్చుకున్నాం మేము. మన మాట నమ్మి ఒళ్ళు అప్పగించేవాళ్ళ ముందు వెటకారం పనికిరాదని నేను నేర్చుకున్నది ఆ రోజే.

"నిజంగానే సుంకమ్మా" అన్నాను.

ఆమె తన చెంగు తీసి మడతలు పెట్టి, నాకు కాదు, మందుల బల్ల దగ్గరున్న శేషయ్యకు చూపించింది. "ఇన్ని మడతలు చాలునా అన్నా?"

శేషయ్య మందు కలపడం ఆపాడు. "చాలమ్మా" అన్నాడు. అంతే, దానికి తోక ఏమీ తగిలించలేదు. ఆ ఒక్క మాట తిన్నగా అనడానికి ఒక మనిషి కాలు చెడిపోవాల్సి వచ్చిందా అని ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.