ధారూర్‌లో దిగాల్సిన అవ్వ

ఇరవై రెండేళ్ల వయసులో నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతయ్యేది కాదు. బీఎడ్ అయింది, ఉద్యోగం లేదు. తాండూరులో మా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే నాపరాళ్లు అరిగిపోతాయని అమ్మ విసుక్కునేది. అలాంటప్పుడు వికారాబాద్‌లోని ఒక బడి నుంచి పిలుపొచ్చింది. పదకొండు గంటలకు పిల్లలకు కథ చెప్పి చూపించాలట. కోరిన ప్రతి కోరికా తీరి, తీరినందుకే చిక్కులొచ్చే పాత పిల్లల నవల ఒకటి పట్టుకుని రైలెక్కాను.

బండి కదలగానే పెదవులు కదుపుతూ వల్లె వేసుకోవడం మొదలుపెట్టాను. ఎదురుగా, గొర్రెల మందు సీసా ఒళ్లో పెట్టుకున్న అవ్వ కాసేపు చూసి, "ఏం గొణుగుతున్నవ్ బిడ్డా, జర గట్టిగ జెప్పరాదు?" అంది. చెప్పాను. తన మాట అందరూ వినాలని ఒక పిల్ల కోరుకుంటుంది. ఆటలో "ఆగండి" అంటే వీధి వీధంతా నిలబడిపోతుంది, పొయ్యిల మీద పాలు పొంగిపోతుంటాయి. కోపంలో తమ్ముణ్ణి "ఫో" అంటే వాడు వెనక్కి చూడకుండా గుట్టలు దాటి వెళ్లిపోతాడు. అవ్వ ముందుకు జరిగింది. నేను చేతులు ఊపాను (ఎంతైనా సాధన కదా). ఇద్దరం తలెత్తేసరికి వికారాబాద్ వచ్చేసింది. అవ్వ దిగాల్సింది ధారూర్‌లో.

"నీ కత మన్నువడ," అంటూ నా చెయ్యి పట్టుకుంది. తనకు చదువు రాదు, తిరుగు బండి మధ్యాహ్నం గాని లేదు. అవ్వ కొంగున ముడేసుకున్న చీటీలోని నంబరుకు ఫోన్ చేస్తే, ఆమె కూతురు మొదట నన్ను కడిగేసి, ఆ తర్వాత మందు సాయంత్రానికి అందినా ఫరవాలేదంది. వేరే దారి లేక అవ్వను వెంటబెట్టుకునే బడికి వెళ్లాను. (మా అమ్మమ్మ అనుకుని ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీ వేయించారు. నేను కాదనలేదు.)

తరగతి నిండా ఉన్న పిల్లలకు, తమ్ముడు గుట్టలు దాటేదాకా ఎలాగో చెప్పుకొచ్చాను. ఆ తర్వాత వాడేమవుతాడో ఒక్క ముక్క గుర్తు రాలేదు. వెనక కుర్చీలోంచి అవ్వ అడిగింది: "గా పోరడు దొర్కిండా లేదా, జల్ది జెప్పు. నా పానం కొట్టుకుంటున్నది." పిల్లలు నవ్వారు, తర్వాత వాళ్లూ అదే అడగడం మొదలుపెట్టారు. అందరూ అడుగుతుంటే కథ దానంతట అదే నోటికొచ్చింది.

మధ్యాహ్నం ధారూర్‌లో, బండి ఆగిన నిమిషంలో అవ్వను అప్పగించి మళ్లీ ఎక్కేద్దామని దిగాను. తిట్టడానికే వచ్చినట్టున్న కూతుర్ని బెంచీ మీద కూలేసి అవ్వ కథ ఎత్తుకుంది. ఆమె కథలో తమ్ముణ్ణి వెతికి తెచ్చేది అక్క కాదు, మందలోని ముసలి గొర్రె. (మనుషులకన్న దానికే వాసన బాగా తెలుస్తుందట.) కూతురు మందు సీసా మరిచిపోయి ఊ కొడుతోంది. రెండు మాటలు విని ఎక్కుదామని నిలబడ్డాను. నా బండి నా వెనక నుంచే వెళ్లిపోయింది, నాకు తెలియనే లేదు.

ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్లుగా పిల్లలకు ఆ కథ అవ్వ చెప్పినట్టే చెబుతున్నాను, గొర్రెతో సహా. ఇప్పుడు దిగాల్సిన ఏ స్టేషనూ దాటిపోను. రెండు స్టేషన్ల ముందే సంచి సర్దుకుని తలుపు దగ్గర నిలబడే మనిషినయ్యాను. అప్పుడప్పుడు మాత్రం, బండి పోయినా చూసుకోకుండా నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.