మధ్యాహ్నం కునుకు తీసిన లైట్లు

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగం వచ్చిన కొత్తలో, నాకు తెలియని విషయాలు లోకంలో కొన్ని ఉంటాయన్న అనుమానమే ఉండేది కాదు. ఇంజనీరింగ్ పట్టా, హైదరాబాద్‌లో కొలువు, చొక్కా జేబులో ఒక చిన్న నోటు పుస్తకం. ఆ పుస్తకంలో అన్నిటికీ జాబితాలే. ఊరెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకోవలసినవి పదమూడు, బస్సులో కిటికీ సీటు ఎందుకు మంచిదో నాలుగు కారణాలు, ఎందుకు కాదో ఆరు (అయినా కిటికీ పక్కనే కూర్చునేవాణ్ణి). మా కంపెనీ క్లీన్‌రూములు కట్టేది. అంటే మందులు తయారుచేసే గదులు. గాలిని వడగట్టి లోపలికి పంపుతారు, దుమ్ము కణాలను యంత్రంతో లెక్కపెడతారు, లోపలికి వెళ్ళే మనిషి నిలువెల్లా తెల్లసూటు తొడుక్కోవాలి. అందులో నాకు అప్పగించింది సీలింగు, ఆ సీలింగులో ఉండే లైట్లు.

నా మొదటి సీలింగు నరసరావుపేట శివార్లలో. తాతల కాలం నుంచీ మిర్చి వ్యాపారం చేస్తున్న శెట్టిగారు కంటిచుక్కల మందు తయారీ పెట్టారు (ఇన్నేళ్ళు జనాన్ని ఏడిపించినందుకు ప్రాయశ్చిత్తమని ఆయనే నవ్వుతూ చెప్పేవారు). "ఈ గది టెస్టు పాసైతే నీ ఉద్యోగం పర్మినెంటు" అన్నారు మా సారు. పాసు కాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా ఊరు రెంటచింతలలో అమ్మ మాత్రం అప్పటికే పర్మినెంటు అయిపోయిందని చర్చిలో అందరికీ చెప్పి, ఫాదరుగారి చేత కృతజ్ఞతా పూజ కూడా పెట్టించింది. ఇక నాకు వెనక్కి వెళ్ళే దారి లేదు.

మామూలుగా అలాంటి గదిలో లైటు పోతే నిచ్చెన లోపలికి తేవాలి, నిచ్చెనతో పాటు దుమ్ము వస్తుంది, పని ఆపి గదంతా మళ్ళీ కడగాలి. నా సీలింగులో ఆ బాధ లేదు. సీలింగు మీద మనిషి నడవగలిగే గట్టి పలకలు వేయించాను. లైటును పైనుంచే దించి నాలుగు క్లిప్పులు నొక్కితే చాలు. దానికి కరెంటును సరిచేసి ఇచ్చే చిన్న డబ్బా కూడా పైనే, లైటు పక్కనే. బిగించడానికి పది నిమిషాలు, మార్చడానికి పది నిమిషాలు, కింద పని ఆగదు. తనిఖీ జాబితాలో నలభై ఒక్క అంశాలు రాసి, అన్నిటికీ ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టుకున్నాను. అది డిసెంబరు. మా ఆఫీసులో ఏసీ.

శెట్టిగారి దగ్గర ఇరవై ఏళ్ళుగా ఎలక్ట్రీషియన్‌గా ఉన్న మనిషిని అందరూ కరెంటు బాబాయి అనేవారు. ఆయన నా డ్రాయింగు కాసేపు చూసి, తర్వాత తలెత్తి పైకప్పు చూశాడు.

"పైన రేకులేగా అబ్బాయ్?"

"రేకులే బాబాయ్. రేకులకీ సీలింగుకీ మధ్య మనిషి వంగి నడిచేంత చోటు వదిలాను."

"మే నెల్లో ఒంటిగంటకి లైటు పోయిందనుకో. ఎవుడెక్కుతాడు?"

"పది నిమిషాల పని బాబాయ్."

"పది నిమిషాలే. ఎక్కినోడు ఆ పది నిమిషాలు బతికుండాలిగా."

నేను జాలిగా నవ్వి, నోటు పుస్తకంలో 'ఎలక్ట్రీషియన్‌కు అవగాహన కల్పించాలి' అని రాసుకున్నాను.

సీలింగు సంక్రాంతి దాటగానే బిగించాం, లైట్లన్నీ చక్కగా వెలిగాయి. యంత్రాలు ఆలస్యమై టెస్టు మాత్రం మే నెలకు జరిగింది. టెస్టుకు ముందురోజు మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒక లైటు ఆరిపోయింది. తర్వాత దాని పక్కది. రెండున్నరకల్లా పదహారింటిలో పదకొండు ఆరిపోయాయి. వైర్లు చూశాను, ఫ్యూజులు చూశాను, నా జాబితా రెండుసార్లు చదివాను. నాలుగు దాటాక అవే ఒకటొకటిగా వెలిగాయి.

"నీ లైట్లు మన వైపోళ్ళే అబ్బాయ్" అన్నాడు బాబాయి. "మాచర్ల బజార్లో కొట్టు కట్టేసినట్టు కట్టేసి, కునుకు తీసి, నాలుగింటికి తెరిచినయ్యి."

సీలింగు తలుపు తీసి పైకి తల పెట్టాను. పది లెక్కపెట్టేలోపు దిగిపోయాను. ఇటుకబట్టీలోకి తొంగిచూసినట్టుంది. ఆ వేడికి డబ్బాలు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతున్నాయి. ఇది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా వంటగదికీ రేకులే, ఎండాకాలం మధ్యాహ్నం అమ్మ అందులో అడుగుపెట్టేది కాదు. ఎండల వార్తల్లో రాష్ట్రంలోకెల్లా వేడి ఊరిగా మా రెంటచింతల పేరు చదివితే గర్వంగా కాలరు సర్దుకున్నవాణ్ణి. నలభై ఒక్క అంశాల్లో ఎండ అన్న మాట ఒక్కచోట కూడా రాయలేదు.

"రేపటికి ఏంది దారి బాబాయ్?" అన్నాను. నా నోట మా ఊరి మాట రావడం హైదరాబాద్ వెళ్ళాక అదే మొదటిసారి.

"గోతాలు తడిపి రేకుల మీద పరుద్దాం. మా గొడ్ల చావిడికి అదేగా చేసేది."

గోతాలకు కొదవ లేదు. పక్కనే శెట్టిగారి గోడౌను. పొద్దున్నే ఆరింటికి మోయించాం. అక్కడ నా శుభ్రత నిద్ర లేచింది. క్లీన్‌రూము మీద దుమ్ముపట్టిన గోతాలా? "ఒక్కొక్కటీ బాగా దులిపి పరవండి" అని ఆజ్ఞ ఇచ్చాను. దులిపారు. అన్నీ మిర్చి గోతాలు. దులిపిన చోటికి పక్కనే బయటి గాలిని లోపలికి లాక్కునే కిటికీ.

పది గంటలకు టెస్టు చేసే ఆయన వచ్చి, తెల్లసూటూ మాస్కూ వేసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ గదికి వెళ్ళే గాలికి సన్నని వడపోతలున్నాయి. మేము నిలబడ్డ అద్దాల వరండాకూ ఏసీ గాలే, కానీ దానికి మామూలు జల్లెడ మాత్రమే. ముందు నాకు గొంతు గీరుకుంది, తర్వాత కళ్ళు మండాయి. పైన అరగంటకోసారి గోతాలు తడుపుతున్న బాబాయి తుమ్ములు సీలింగు దాటి వినిపిస్తున్నాయి. టెస్టాయన అద్దంలోంచి పైకి చూపించి ఏమిటని సైగ చేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నేను 'మెయింటెనెన్సు' అని కాగితం మీద రాసి చూపించాను. ఒకటిన్నర అయింది. రెండున్నర అయింది. పదహారు లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి. గట్టెక్కామనుకునేసరికి శెట్టిగారు వచ్చారు. మేమందరం తుమ్ముతుంటే ఆయన మాత్రం నిండుగా గాలి పీల్చి, "తేజా రకం. పోయినేటి సరుకు. నా మిరపకాయ ఏసీలోకెందుకు పోయింది?" అన్నారు. సరిగ్గా అప్పుడే టెస్టాయన మాస్కు తీసి బయటికొచ్చి, ఐదుసార్లు వరసగా తుమ్మి, అదే ప్రశ్న అడిగాడు.

నా మనసులో మూడు అబద్ధాలు వరుస నంబర్లతో సిద్ధమయ్యాయి. కానీ బాబాయి నిచ్చెన దిగి వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, తడిసిన చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆయన ముందు ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

టెస్టాయన తన కాగితాలు మళ్ళీ చూసుకున్నాడు. "ఇంత ఘాటు మధ్య కూడా లోపల కణాలు హద్దు దాటలేదు. సీలింగు సందులు గట్టిగా మూశావు. అది పాసు. లైట్లు మాత్రం గోతాలు లేకుండా వెలగాలి. అవి మార్చుకో, మళ్ళీ వస్తాను" అన్నాడు.

మా సారుకు ఫోన్ చేశాను. అంతా విని, "నీది ఏ ఊరు?" అన్నారు. "రెంటచింతల సార్" అన్నాను. ఫోనులో పెద్దగా నవ్వు వినపడింది. పర్మినెంటు కాగితం మాత్రం మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా బాబాయీ నేనూ కలిసి పదహారు డబ్బాలనూ సీలింగు మీంచి దించి, వరండా గోడకు ఒకే పెట్టెలో వరసగా బిగించాం. ఎలాగూ పాడయ్యేది ఎక్కువగా డబ్బానే. ఇప్పుడు బాబాయి ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, నిలబడ్డచోటే రెండో చేత్తో మార్చేస్తాడు. రెండో టెస్టు పాసయ్యాక అమ్మ ఇంకో పూజ పెట్టించింది, ఎందుకో ఎవరికీ చెప్పకుండా.

ఇప్పుడు నా జాబితాలో నలభై రెండు అంశాలున్నాయి. మొదటిది బాబాయి మాటల్లోనే ఉంటుంది: 'మే నెల్లో ఒంటిగంటకి ఎవుడెక్కుతాడు?' కొత్తగా చేరిన ఇంజనీర్లు అది చూసి నవ్వుతారు, నేనూ వాళ్ళతో నవ్వుతాను. ఆ పాత నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తెరిస్తే, ఏసీ గదిలో కూర్చుని ఆకుపచ్చ పెన్నుతో గబగబా టిక్కులు పెడుతున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. వాడి మీద కోపం రాదు. మెల్లగా వెళ్ళి పక్కనున్న కిటికీ తలుపు తీసి, ఒక్కసారి చెయ్యి బయట పెట్టి చూడమని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. బయట డిసెంబరు, చల్లగానే ఉంది కదా అంటాడు.