మగవాళ్ళ వైపు బెంచీ

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ చర్చి ఒక పొడుగాటి గది. నడుమ దారి. ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు. మగపిల్లలు చిన్నప్పుడు తల్లుల దగ్గరే కూర్చుంటారు. ఏ వయసులో అటు వెళ్ళాలో ఎవరూ చెప్పరు, ఒక ఆదివారం వాళ్ళే వెళ్ళిపోతారు. ఇది నాకు తెలియంది కాదు. మా వాడు మాత్రం వెళ్ళడనుకున్నాను.

నాకప్పుడు చదువు రాదు. కార్పొరేషన్ వీధులు ఊడ్చేదాన్ని, అక్షరాలతో పనేముంది? చర్చిలోనే చిక్కు వచ్చేది. మా దగ్గర బైబిల్లోని కీర్తన ఒక వచనం మగవాళ్ళు, ఒక వచనం ఆడవాళ్ళు చదువుతారు. మా వాడిది హిందీ బడి అయినా పాస్టరమ్మగారు వాడికి తెలుగు నేర్పింది. పుస్తకం నా ఒళ్ళో పెట్టి, వేలు జరుపుతూ, వాడు గుసగుసగా ముందు చదివేవాడు. వెనకాలే నేను గట్టిగా అనేదాన్ని. చూసేవాళ్ళకు నేనే చదువుతున్నట్టుండేది. కొడుకు నేర్పేశాడని మా ఆయన కూడా నమ్మాడు. వాడి ఎనిమిదో ఏట నుంచి పదమూడు దాకా అలాగే నడిచింది.

ఆ ఆదివారం వాడికి నా పక్కన చోటు ఉంచాను. వాడు గుమ్మంలో చెప్పులు విడిచి, నా బెంచీ దాటి, వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నాడు. నన్ను చూడలేదేమో అనుకున్నాను, తెలివితక్కువదాన్ని.

"ఒరే బాబూ! అక్కడ కూకున్నావేటి? ఇక్కడ జాగా ఉంది, రా!" అని కేకేశాను.

అందరూ నవ్వారు. వాడు తల వంచుకున్నాడు గాని లేవలేదు.

కీర్తన మొదలైంది. మా వంతు వచ్చినప్పుడల్లా పెదాలు కదిపి ఊరుకున్నాను. పక్కావిడ ఊరుకుంటుందా? "ఏటి వదినా, కొడుకెనకాల నీ గొంతు కూడా అటే ఎల్పోనాదేటి?" అంది.

ఇంట్లో అన్నాల దగ్గర వాడి మీద పడ్డాను.

"మీసం వొస్తందమ్మా నాకు. ఇంకా ఆడోళ్ళలో కూకోమంటావేటి?"

"ఆ నాలుగు ఎంటికల్నీ మీసమంటారేటి?"

మా ఆయన చేపముల్లు ఏరుకుంటూ, "ఆడు నా పక్కన కూకుంటే నీకేటి కష్టం?" అన్నాడు. ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించాను.

తరవాత కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ వాడు నెమ్మదిగా అన్నాడు: "నీకు సదవడం రాదని ఎవరికీ సెప్పలేదమ్మా. సెప్పను కూడా."

ఇటు కూర్చోవడం వాడికి ఇష్టంలేక ఎన్నాళ్ళయిందో! నా సిగ్గు కాయడానికి ఆగాడు. నేనేమో కొంగు వదలని పిల్లాడని మురిసిపోయాను.

మర్నాడు పని నుంచి తిన్నగా పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. చిన్నపిల్లల మధ్య పలక పట్టుకుని కూర్చున్నాను. ఒత్తులు నన్ను ఏడిపించాయి. ఏడాది పైనే పట్టింది. వాడితో చెప్పలేదు.

చివరికి ఒక ఆదివారం మా వచనం నేనే చదివాను, వేలు పెట్టుకుని, అందరికంటే ఒక మాట వెనకగా. చదివి అటు చూశాను. వాడు చూడటం లేదు. మగవాళ్ళ వంతు వచ్చింది. కొత్తగా బొంగురుపోయిన గొంతుతో, తలెత్తకుండా, తన వచనం చదువుకుంటున్నాడు. వాడు నన్ను కాచుకుని ఉండక్కర్లేదనే కదా నేర్చుకున్నాను! అయినా ఒక్కసారి ఇటు చూస్తే బాగుండేదనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.