మా సారు టికెటీ-బూ

మొన్న పొద్దుగాల మా ఊరు దేవరకొండ నుంచి ఫోనొచ్చింది, మా ఇంగ్లీషు సారు నిద్రలనే పోయిండని. ఏడ్చిన. ఏడుస్తుంటెనే నవ్వు గూడ వచ్చింది. ఎవలు "ఎట్లున్నరు సారూ" అని అడిగినా ఆయన "టికెటీ-బూ" అంటుండె మరి. పాతకాలం ఇంగ్లీషోళ్లు ఊకె మాట్లాడుకునేటప్పుడు వాడిన మాట, అంత మంచిగనే ఉన్నదని అర్థం. పోయిన నెల దవాఖానల ఉన్నప్పుడు నేనడిగితె గూడ గదే అన్నడు.

రిటైరైనంక సారు మా ఇంటి పక్కనే ఉంటుండె. విత్తనానికి పల్లికాయ ఒలిచే రోజులల్ల వాడకట్టు పిల్లలను అరుగు మీద కూసోవెట్టుకొని, కాయ ఒలిపిచ్చుకుంట ఇంగ్లీషు మాట్లాడిస్తుండె. చేతులు పనిల ఉంటె నోటికి సిగ్గు వోతదనేది ఆయన లెక్క. పగిలిన గింజలు విత్తనానికి పనికిరావు, అవి మాకే. కొన్ని కావాలనే పగలగొడుతుంటిమి. ఆయనకు ఎరుకే.

తెలంగాణ వచ్చిన కొత్తల నేను పాలమూరు కాలేజీల చేరిన. మొదటి వారమే లేచి ఇంగ్లీషుల ఒక ముక్క చెప్పవోతె క్లాసంత నవ్వింది. సంచి సదురుకొని ఇంటికొచ్చి, ఇగ పోనంటె పోనన్న. బాపు బతిమాలిండు, అమ్మ తిట్టింది. సారు మాత్రం కాయల చాట నా ముంగట వెట్టి, టికెటీ-బూ ఎక్కడిదో ఎరుకేనా అని అడిగిండు.

మన దేశంల ఉన్న ఇంగ్లీషు సిపాయిలు ఇక్కడోళ్ల "ఠీక్ హై బాబూ" విని, నోరు తిరగక గట్ల పలికిర్రని కొందరు చెప్తరట. నిజమేనా సారూ అంటె నెత్తి గోక్కున్నడు. ఖాయంగ ఎవలికీ తెల్వదట, టికెట్ అనే మాటల నుంచే పుట్టిందనేటోళ్లు గూడ ఉన్నరట. నాకైతె అది మనదే కావాలని ఉన్నది, గని నాకుంటె సరిపోతదా అన్నడు. ఒక కాయ ఒలిచి మళ్ల ఆయనే అన్నడు.

"ఒకవేళ మనదే అయితె, చూడు బిడ్డా, వాళ్లు మన మాటను వంకర చేసి వాళ్ల దేశమంత తిప్పిర్రు. సిగ్గువడ్డరా? వాళ్ల మాట నీ నోట్ల జర వంకర పోతె కొంపలేం మునుగవు."

తెల్లారి బస్సెక్కిన. గా క్లాసులనే మళ్ల లేచిన. సగంల నవ్విర్రు. నవ్వు ఆగేదాక నిలబడి, మిగిలిన సగం చెప్పి కూసున్న.

ఆదివారం ఇంటికొచ్చి గా ముక్కనే సారుకు అప్పజెప్పిన. చిన్న తప్పొచ్చినా ఊకునే మనిషి గాదు. గా దినం ఒక్కటి గూడ దిద్దలే. "ఇంకోసారి చెప్పు" అన్నడు. నేను మళ్ల మొదటి నుంచి చెప్తున్న, ఆయన చేతులల్ల కాయ ఒలవకుండనే ఉండిపోయింది.