ట్రాక్ గొంతుకు కర్పూర పరీక్ష

ఒక వీడియోలో ఒక గొంతు వినిపించినంత మాత్రాన, అందులో కనిపించే ఒళ్లు కూడా ఆ గొంతు మనిషిదేనని మీకెవరు నేర్పారు? బడిలో నేర్పారా, గుడిలో నేర్పారా, ఇంట్లో నేర్పారా? అడుగుతున్నది మిమ్మల్నే. ఎందుకంటే రహమత్ నగర్‌లో ఒక ఆడమనిషి పెదవి చీలడానికీ, చెవి వాచడానికీ, అరచెయ్యి కాలడానికీ ఇంతకంటే వేరే ఆధారం లేదు.

నేను ఫిలింనగర్‌లోని ఒక రికార్డింగ్ స్టూడియోలో డబ్బింగ్ సినిమాలకు మాటలు రాస్తాను. ఒకరి నోటికి ఇంకొకరి గొంతు తగిలించడం మా వృత్తి. తెర మీద ఏడ్చే కథానాయిక ఒకరు, ఆ ఏడుపు మధురానగర్ నుంచి బస్సెక్కి వచ్చిన ఇంకొకరిది. ఈ సంగతి తెలియని ఇల్లు మా చుట్టుపక్కల లేదు. టీవీ ముందు కూర్చుని "ఈ పిల్లకి గొంతు ఫలానా ఆమె ఇస్తుంది" అని పందేలు వేసుకునేవాళ్లే అందరూ. అవసరమైన రోజున మాత్రం ఆ తెలివి ఒక్కరికీ పనికిరాలేదు.

ఆమె మా స్టూడియోలో ట్రాక్ పాడేది. పెద్ద గాయని వచ్చేలోపు బాణీ ఎలా కుదిరిందో వినడానికి ముందుగా వేరొకరితో పాడించుకుంటారు. దాన్నే ట్రాక్ అంటారు. పెద్దామె పాడగానే ఈ గొంతు తీసేస్తారు. సినిమాలో వినపడదు, పేర్లలో కనపడదు. ఆమె పాడిన పాటలు స్టూడియో కంప్యూటర్లో గుట్టలుగా పడి ఉన్నాయి. బయటి ప్రపంచానికి ఆమె లేదు. రహమత్ నగర్‌కు మాత్రం బోనాల మైకు ఆమెది, వినాయక మండపంలో హారతి పాట ఆమెది. ఆ వాడలో పసిపిల్లలు కూడా ఆ గొంతు గుర్తుపడతారు. ఆ గుర్తింపే ఆమె మీద పడింది.

ఒక ఉదయం కొంగుతో సగం ముఖం కప్పుకుని వచ్చింది. ఏమైందని అడిగాను.

"ఏం కాలే మేడం. బాత్రూంల జారిన."

"జారితే మెడ మీద బెల్టు బకిల్ అచ్చు పడదు."

కొంగు తీసింది. కింది పెదవి రెండుగా చీలి ఉంది. ఒక చెవి మాంసం ముద్దలా ఉబ్బింది. ఆటో స్టాండులో ఎవరో ఆమె భర్తకు ఫోన్లో ఒక బూతు వీడియో చూపించారు. వెనకాల పాట వస్తోంది. పాడుతున్నది తన భార్యే.

"నా పెండ్లాం గొంతు నాకు తెల్వదా అన్నడు. తెల్వదని నేనెందుకంట? గొంతు నాదే మేడం. మనిషిని నేను కాదు."

"ముఖం చూశాడా?"

"మొకం కనవడదంట. అటు తిరిగి ఉన్నదంట. గందుకే నేనే అంటున్నడు."

కనిపించకపోవడమే రుజువు. ఇలాంటి తర్కంతో నేను హేతువాద సభల వేదికల మీద చాలాసార్లు తలపడ్డాను. దాని చేతిలో బెల్టు ఉండగా ఎదురుపడటం అదే మొదలు.

పోలీసుల దగ్గరికి పోదామన్నాను. "స్టేషన్ల ఆ వీడియో మళ్ల అందరు చూస్తరు మేడం" అంది. ముందు ఆ పాట ఎక్కడిదో తేల్చుకుందామన్నాను.

మా సౌండ్ ఇంజనీరు గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడు. ఆమె ఫోన్‌కూ వచ్చిన ఆ వీడియోను నా ఫోన్లోకి పంపించుకుని, ఫోన్ బోర్లా పెట్టి, అతనికి పాట మాత్రం వినిపించాను. నాలుగు స్వరాలకే తల ఊపాడు.

"మన ట్రాకేనండీ. ఇక్కడ పాడిందే."

"అక్కడికెలా వెళ్లింది?"

"హార్డ్ డిస్కులు చేతులు మారుతుంటాయి కదండీ. ఎవరో అమ్ముకునుంటారు." కుర్చీలో వెనక్కి వాలి, వాన గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. "విడుదలైన పాట పెడితే ఆ సైట్లలో కంప్యూటరే గుర్తుపట్టి వీడియో లేపేస్తుందండీ. హక్కులున్న కంపెనీ నోటీసు పంపిస్తుంది. ట్రాకయితే ఎక్కడా నమోదు కాదు. పట్టుకునేదీ లేదు, అడిగేవాడూ లేడు. ఆ వీడియోలు చేసేవాళ్లకదే సుఖమండీ."

అంటే వాళ్లు ఏదో ఒక పాట ఎత్తుకుపోలేదు. దిక్కులేని పాటను వెతుక్కుని మరీ ఎత్తుకుపోయారు. ఆ పాట మీద హక్కు నిర్మాతకుంది, బాణీ కట్టినవాడికుంది. పాడిన మనిషికి దక్కింది చీలిన పెదవి.

పల్లవి అయిపోయాక, చరణానికి ముందు, ఒక మగగొంతు వినిపించింది. "ఇంకోసారి తల్లీ, కొంచెం కరుగుతూ." ఆ దొంగలు దాన్ని కత్తిరించే శ్రమ కూడా తీసుకోలేదు. అది సంగీత దర్శకుడి గొంతు. పాటల పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చుని ప్రతి ఆదివారం టీవీలో కనిపించే పెద్దమనిషి.

నేనూ ఆమే ఇద్దరం జూబ్లీహిల్స్‌లో ఆయన ఇంటికి వెళ్లాం. ఆయన మొక్కలకు నీళ్లు పడుతున్నాడు. విషయం విని పైపు కింద పెట్టలేదు.

"ఒక్క మాట చెప్పండి," అన్నాను. "ఇది నేను స్టూడియోలో పాడించిన ట్రాకు, దొంగతనంగా పోయింది అని, ఈమె భర్తకు. ఫోన్లో చెప్పినా చాలు."

"నా ట్రాకులు బజార్లో ఉన్నాయని నిర్మాతకు తెలిస్తే రేపు నాకు సినిమా ఇస్తాడామ్మా?"

"ఈమెను చంపేస్తున్నారండీ."

"ఇంటి గొడవలమ్మా. సర్దుకుంటాయి."

ఆమె ఆ తడి మట్టిలోనే ఆయన కాళ్ల మీద పడింది. ఆయన వెనక్కి అడుగేశాడు. వాచ్‌మన్ ఆమె మోచెయ్యి వెనక్కి మెలితిప్పి గేటు దాకా ఈడ్చాడు. గాజులు పగిలి మణికట్టులో దిగబడ్డాయి. గేటు మూసేదాకా పైపులో నీళ్లు పారుతూనే ఉన్నాయి.

"గంత పెద్దమనిషి," అంది దారిలో, గాజుముక్క లాక్కుంటూ. "కాళ్లు మొక్కితే కాళ్లు గుంజుకున్నడు."

ఆదివారం వాళ్ల కులసంఘం హాల్లో పంచాయితీ పెట్టారు. పరీక్ష అత్తగారే నిర్ణయించింది. అమ్మవారి పటం ముందు అరచేతిలో కర్పూరం వెలిగించుకుని ప్రమాణం చెయ్యాలి. నిజం చెప్పిన చెయ్యి కాలదు.

"నిప్పుకు నిజం, అబద్ధం తెలియవు," అన్నాను. "నా చేతిలో పెట్టండి, రెండు రెండ్లు నాలుగు అంటాను. అది నిజమే కదా. కాలుతుందో లేదో చూద్దాం."

ముసలి పెద్ద ఒకాయన నవ్వాడు. "మీకు దేవుడు లేడు మేడం. గందుకే కాలుతది."

హాలంతా నవ్వింది. నేను ఇంకో మాట కూడా అన్నాను. "ఆమే అయిందనుకుందాం. అయినా కొట్టే హక్కు ఎవరిచ్చారు?" ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. భర్త లేచి నిలబడ్డాడు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "జర ఊకోండి మేడం. పట్టుకుంట. ఒక్కసారి పట్టుకుంటే వీళ్ల నోళ్లు మూతవడ్తయి. నాకు మైకు కావాలె. గీ మచ్చ ఉంటే బోనాలకు నన్ను పాడనిస్తరా?"

ఆమె పోరాడుతున్నది పాట కోసం. అందుకోసం చెయ్యి చాపింది. కర్పూరం పెట్టారు, వెలిగించారు. నేను వంగి నోటితో ఊదేశాను.

మనిషి చెయ్యి కాలుస్తుంటే కిమ్మనని హాలు, మంట మీద ఎంగిలి గాలి తగిలిందని భగ్గుమంది. అపచారమని అత్తగారు నెత్తి బాదుకుంది. భర్త నా చెంప మీద కొట్టిన దెబ్బకు కళ్లద్దాలు విరిగి కనుబొమలో గుచ్చుకున్నాయి. ఎవరో జుట్టు పట్టి గోడకేసి కొట్టారు. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. ఈలోగా ఇంకా పెద్ద బిళ్ల తెచ్చి వెలిగించారు.

ఆమె వేళ్లు ముడుచుకోలేదు. "నేను కాదు, నేను కాదు, నేను కాదు" అంది. మాంసం కాలిన వాసన కర్పూరం వాసనను మింగేసింది. మంట దానంతటదే ఆరాక చూస్తే, అరచెయ్యి మధ్యలో తోలు తెల్లగా పైకి లేచింది. అత్తగారు ఆ మణికట్టు పట్టుకుని లైటు కేసి ఎత్తింది.

"సూడుర్రి. బొబ్బ లేసింది. నిజమైతే లేస్తదా?"

ఇంత జరిగాక దొరికిన తీర్పు అది. భర్త నడుము నుంచి బెల్టు లాగాడు.

నేను గోడకు ఆనుకునే ఫోన్లో పాట పెట్టాను. దాని శబ్దం పూర్తిగా పెంచాను. ఆమె గొంతు హాలంతా నిండింది. తర్వాత, "ఇంకోసారి తల్లీ, కొంచెం కరుగుతూ." ఆపేశాను.

"ఈ మగగొంతు ఎవరిది?"

"టీవీల వస్తడు కదా, ఆయనది," అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

"వీడియోలో గొంతున్నవాళ్లంతా వీడియోలో ఉన్నట్టే అయితే, ఆయనా ఉన్నాడు. ఆయన చేతిలో కర్పూరం ఎప్పుడు పెడదాం?"

ఇందాక నవ్విన ముసలాయనకు కోపం వచ్చింది. "ఆయన గట్లెందుకు చేస్తడు మేడం? ఆయన పాట పాడిపిస్తున్నడు."

"ఆయన పాడిస్తున్నాడు. ఈమె ఏం చేస్తోంది?"

ముసలాయన భర్త కేసి చూశాడు. భర్తకు మాట దొరకలేదు, చేతిలో బెల్టు ఉంది. అది ఎత్తాడు. ఆమె కాలని చేత్తో హారతి పళ్లెం తీసుకుని, దాని అంచుతో అతని ముఖం మీద కొట్టింది. ముక్కు ఎముక విరిగిన చప్పుడు వెనక గోడ దగ్గరున్న నాకు కూడా వినిపించింది. కుంకుమ, నెత్తురు కలిసి అతని చొక్కా మీద పడ్డాయి.

"నా గొంతు నీకు తెల్సంటివి కదా," అంది. "ఇప్పుడు నా చెయ్యి గూడ తెల్సుకో."

హాలు దారి ఇచ్చింది. న్యాయం అర్థమై ఇచ్చిందని నేను చెప్పను. పళ్లెం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆ సాయంత్రమే ఆమె స్టేషన్‌కు వెళ్లి చెయ్యి చూపించి ఫిర్యాదు రాయించింది. ఇప్పుడు వెంగళరావు నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. అరచేతి తోలు బిగుసుకుపోయి పిడికిలి పూర్తిగా మూసుకోదు. సంగీత దర్శకుడు ఆ ఒక్క మాట ఈనాటికీ చెప్పలేదు. బోనాల మైకు వేరొకరి చేతికి వెళ్లింది. ఆమె మళ్లీ స్టూడియోకు వచ్చిన రోజు మైకు ముందు నిలబడి ఒక షరతు పెట్టింది. ముందు తన పేరు చెబుతుంది, పాట మధ్యలో ఇంకోసారి చెబుతుంది, అప్పుడే పాడుతుంది. దొంగిలిస్తే పేరుతో సహా దొంగిలించాలి. "ఇదేం చోద్యమండీ" అన్నాడు ఇంజనీరు. రెండు స్టూడియోలు ఆమెను పిలవడం మానేశాయి. ఆమె షరతు మార్చుకోలేదు.

మీరు పాటలు రికార్డు చేసే చోట పనిచేస్తుంటే, ఇవాళే వెళ్లి మీ కంప్యూటర్లో పడి ఉన్న ప్రతి ట్రాకు మీదా అది పాడిన మనిషి పేరు పెట్టండి. అలాంటి చోట పనిచెయ్యకపోతే, మీకు ఒక నోరుంది. ఎక్కడైనా, ఎవరి అరచేతిలోనైనా మీ కళ్లముందు కర్పూరం వెలిగిస్తే, అపచారమని ఆగకండి, పక్కవాడికేసి చూడకండి. వంగి, నోటితో ఊదెయ్యండి.